ఏ నీటికి ఆ మాట

మా అమ్మమ్మగారి ఊరు గౌతమీ గోదావరి నడుమ ఉన్న ఒక లంక. మా నాన్నగారు నీటిపారుదల శాఖలో గుమాస్తాగా ధవళేశ్వరంలో పనిచేసిన రోజుల్లో, అంటే 1960 దాటిన తొలి సంవత్సరాల్లో, అక్కడి నుంచి ఆ లంకకు చేరాలంటే మేము మూడు నీళ్ళు దాటేవాళ్ళం. కాలువ ఒకటి, గౌతమి పెద్ద పాయ ఒకటి, లంకను ఒరుసుకుంటూ పోయే చిన్న పాయ ఒకటి. మూడు నీళ్ళకూ మూడు పడవలు, మూడు పడవలకూ మూడు పేర్లు. కాలువలో నడిచేది గూటి పడవ, పెద్ద పాయ దాటించేది నావ, చిన్న పాయలో తిరిగేది దోనె. ఈ మూడింటినీ కలిపి పడవ అని ఊరుకుంటే మా తాతయ్య ఒప్పుకునేవారు కారు. "ఒరేయ్ అబ్బాయ్, ఆవునూ గేదెనూ కలిపి పశువు అనేస్తే ఆ పాలు ఎవరివో ఎలా తెలుస్తుందిరా?" అని అడిగేవారు.

ఆయన మాట పట్టింపు వెనక ఎంత అవసరం ఉందో నాకు ఆయన రాసే కార్డుల వల్ల తెలిసింది. గోదావరి ఎంత ఉందో ఆయన ఎన్నడూ అడుగుల్లో రాయలేదు. "చిన్న పాయకు దోనె చాలుతోంది, పిల్లలను తీసుకుని రావచ్చును" అని రాస్తే, మా అమ్మ ఆ వాక్యం చదివి నీళ్ళు మొలలోతుకు దిగాయని చెప్పేది. "చిన్న పాయకు కూడా నావే వేస్తున్నారు" అని రాస్తే, కట్టిన మూటలు విప్పేసి, పదిహేను రోజులు ఆగుదామనేది. ఒక్క మాటలో లోతూ, వడీ, గాలీ, ప్రయాణం చేయవచ్చునా కూడదా అన్న సంగతీ అన్నీ ఇమిడి ఉండేవి. పడవ అని మాత్రమే రాసి ఉంటే మా అమ్మకు ఏమీ తెలిసేది కాదు.

ఆ ప్రయాణంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది కాలువ మీద గడిచే రాత్రి. ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్టను పూర్తి చేయించినప్పుడు, అక్కడి నుంచి తీసిన కాలువలు పొలాలకు నీళ్ళు పారించడానికే కాక పడవలు నడవడానికి కూడా పనికివచ్చేలా తవ్వించాడు. కాకినాడలో పడవ ఎక్కినవాడు గోదావరి కాలువలూ, ఏలూరు కాలువా, కృష్ణ కాలువలూ, కొమ్మమూరు కాలువా పట్టుకుని, ఆపైన బకింగ్‌హామ్ కాలువలో పడి మద్రాసు దాకా నీటి మీదనే పోగలిగేవాడని మా తాతయ్య చెప్పేవారు. ఆయన తండ్రిగారి కాలంలో జనం ఎక్కే పడవను రహదారీ పడవ అనేవారట. నా చిన్నతనానికి బస్సులు వచ్చేశాయి కాబట్టి జనం వాటి మీదకు మళ్ళారు. అయినా పురిటికి పుట్టింటికి వెళ్ళే ఆడపిల్లలూ, బియ్యం బస్తాలూ, ఆవకాయ జాడీలూ, మడత మంచాలూ ఉన్నప్పుడు బొబ్బర్లంక లాకుల దగ్గర గూటి పడవ మాట్లాడుకోవడం ఇంకా పోలేదు.

గూటి పడవ అంటే నడుమ గూడు ఉన్న పడవ. వెదురు బద్దల మీద తాటాకు కప్పి, గొడ్డుబండికి వేసే గూడు మాదిరిగానే, అంతకన్నా పొడుగ్గా కట్టేవారు. ముందు భాగంలో సరుకు, గూట్లో మనుషులు, వెనక చుక్కాని పట్టుకునే మనిషి కూర్చునే చోటు, ఆ పక్కనే వాళ్ళ పొయ్యి. రాత్రి పొద్దుపోయాక వాళ్ళు ఆ పొయ్యి మీద చేపల పులుసు కాచుకునేవారు. శాకాహారులమైన మాకు అమ్మ పెరుగన్నం కలిపి ముద్దలు పెట్టేది. ఆ పులుసు వాసనా, తడిసిన తాళ్ళ వాసనా, పడవ అడుగున పూసిన తారు వాసనా కలిసి వచ్చే వాసన ఒకటి ఉండేది. ఇప్పటికీ ఎక్కడైనా కొత్త తారు వాసన తగిలితే నాకు ఆకలి వేస్తుంది.

దిగువకు పోయేటప్పుడు పడవ నీటివాలుకు సాగేది. గెడ వేసేవాడు ముందు నిలబడి, గెడకర్ర అడుగున నాటి, దాని పైకొనను భుజానికి ఆనించి, ముందు నుంచి వెనకకు పడవ అంచు మీద నడుచుకుంటూ వచ్చేవాడు. తాను వెనక్కి నడుస్తున్నాడు, పడవ ముందుకు పోతోంది; ఈ రెండూ ఒకేసారి ఎలా జరుగుతున్నాయో అర్థం కాక నేను గంటల తరబడి అతని పాదాలనే చూస్తూ కూర్చునేవాణ్ణి. తిరుగు ప్రయాణంలో వాలు ఎదురు కాబట్టి ఇద్దరు మనుషులు గట్టు మీదికి దిగి, పొడుగాటి తాడు భుజాలకు వేసుకుని, ముందుకు ఒరిగి పడవను లాగేవారు. గట్టు మీది తుమ్మ పొదలు తాడుకు అడ్డుపడకుండా దాని రెండో కొసను తెరచాప కొయ్య పైభాగాన కట్టేవారు. గాలి అనుకూలించిన రాత్రి ఆ ఇద్దరూ పడవలోకి వచ్చి తెరచాప ఎత్తి, ఒళ్ళు తుడుచుకుని పడుకునేవారు. ఆ తెరచాపకు ఎన్ని మాసికలు ఉన్నా వాళ్ళ కళ్ళలో దానిమీద కనిపించిన ప్రేమ నేను మరే వస్తువు మీదా చూడలేదు. తెరగా నిలిపిన చాప కనుక తెరచాప అయిందనీ, గుడ్డ చాపలు రాకముందు నిజంగానే అల్లిన చాపలు ఎత్తి ఉంటారనీ తాతయ్య అనేవారు.

లాకుల దగ్గర తప్పకుండా నిద్ర లేచేవాణ్ణి. పడవ లాకులోకి ప్రవేశించగానే వెనక తలుపులు మూసి, ముందు తలుపుల తూములు ఎత్తేవారు. నీళ్ళు మెల్లగా దిగుతుంటే మేము కూడా పడవతో పాటు గోడల మధ్య కిందికి దిగిపోయేవాళ్ళం. పైన లాంతరు పట్టుకున్న లస్కరు, అంటే లాకుల తలుపులు చూసుకునే మనిషి, ముఖం అంతకంతకూ దూరమయ్యేది. తరువాత ముందు తలుపులు తెరుచుకునేవి, ఎదుట మళ్ళీ కాలువ. మా నాన్నగారి శాఖ మనిషే కాబట్టి ఆ లస్కరు ఆయనకు నమస్కారం పెట్టి, "బాబుగారూ, అత్తోరింటికేనాండీ? ఆయ్, ఏరు నెమ్మదిగానే ఉందండీ" అని కబురు చెప్పేవాడు. వేసవిలో మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు కాబట్టి ఆ నెలల్లో పడవలన్నీ ఎక్కడివక్కడ బురదలో కూలబడి ఉండేవి. అప్పుడు వాటి అడుగులు తిరగేసి, పలకల సందుల్లో నార కూరి, తారు పూయడం చూసేవాళ్ళం.

గూటి పడవ దిగి, ఏటిగట్టు ఎక్కి, అవతలి వైపు దిగితే గౌతమి కనిపించేది. రేవులో నావ ఉండేది. నావ అనగానే పురాణాల్లోని మాట అనుకుంటారు గాని, మా వైపు పశువులనూ, బళ్ళనూ, పెళ్ళివారినీ ఏరు దాటించే పెద్ద పడవ పేరు అదే. ఎద్దులను కాడి నుంచి విప్పి ముందు ఎక్కించేవారు. బెదిరిన ఎద్దు కళ్ళకు తువ్వాలు కట్టేవారు. నావలో పెద్ద సరంగు నిలబడి నీటిని చూస్తూ, అవతలి రేవుకు సూటిగా కాక, ఏటికి బాగా ఎగువగా పట్టించేవాడు. నడిమికి వెళ్ళాక వడి మమ్మల్ని దిగువకు తోసుకుపోయి సరిగ్గా రేవులోనే దించేది. ఆయనకు ఇచ్చే కూలిని మా తాతయ్య కేవు అనేవారు. పాత నిఘంటువుల్లో ఓడకూలి అని అర్థం చెప్పిన ఆ మాటను నేను మా ఊరి రేవులో తప్ప మరెక్కడా వినలేదు. లంక రైతులు కేవు రోజువారీ ఇచ్చేవారు కారు. కోతలయ్యాక కళ్ళంలోనే సరంగు వాటా గింజలు కొలిచేవారు. బయటి ఊళ్ళవారు మాత్రం డబ్బులు ఇచ్చేవారు. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, ఏరు దాటాక బోడి మల్లన్న అన్న సామెత ఆ సరంగు ఎదుట ఎవరు అన్నా మా తాతయ్యకు కోపం వచ్చేది. తన ఊళ్ళో అలా ఎవరూ చేయరని ఆయన గట్టి నమ్మకం.

నావ దిగి ఇసుక తిన్నె మీద అరమైలు నడిస్తే చిన్న పాయ. అక్కడ మా మేనమామ దోనె పట్టుకుని ఎదురుచూసేవాడు. మనిషి వెడల్పు కూడా లేని ఆ దోనెలో కదలకుండా కూర్చోవడం మాకు నేర్పిన మొదటి క్రమశిక్షణ. అమ్మమ్మ ఎక్కవలసి వస్తే రెండు దోనెలను పక్కపక్కన చేర్చి, అడ్డంగా వెదురు వేసి కట్టేవారు. దానిని సంగడి అనేవారు. సంగడి అంటే జత. అందుకే స్నేహితుణ్ణి సంగడీడు అన్నారని తాతయ్య చెప్పినప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది. ఒంటిగా ఉంటే ఒరిగిపోయేవి రెండూ, ఒకదానికొకటి కట్టుకుంటే ఎంత బరువునైనా మోస్తాయి. దాదాపు 2000 ఏళ్ళ కిందట ఒక గ్రీకు నావికుడు మన తూర్పు తీరం గురించి రాస్తూ, దుంగలు జతగా కట్టిన పెద్ద పడవలను సంగర అని పేర్కొన్నాడని చాలా కాలం తరువాత చదివాను. ఆ గ్రీకు మాటలో నాకు మా అమ్మమ్మ భయం భయంగా వెదురు పట్టుకుని కూర్చున్న సంగడే కనిపించింది.

అమ్మమ్మకు తనదైన పడవ మరొకటి ఉండేది. కార్తీక మాసం ముగిసిన మర్నాడు, పోలి పాడ్యమి నాటి తెల్లవారుజామున, అరటి దొప్పలో ఆవు నేతి వత్తులు వెలిగించి చిన్న పాయలో వదిలేది. ఊరి ఆడవారందరి దొప్పలూ కలిసి చీకట్లో బారుగా పోతుంటే, వాటిని కూడా ఏ పేరుతో పిలవాలని నేను తాతయ్యను అడిగాను. ఆయన చాలాసేపు ఆలోచించి, "దొప్పే. దానిలో మనిషి ఎక్కడు కదా, వేరే పేరు ఎందుకు?" అన్నారు. ఆ జవాబు నాకు అప్పుడు నచ్చలేదు, ఇప్పుడు నచ్చుతోంది.

1968లో నాన్నగారికి కైకలూరు వైపు బదిలీ అయింది. ఏరు ఎరిగిన నేను కొల్లేరుకు వెళ్ళాను. అక్కడి నీరు పారదు, కదిలీ కదలనట్టుంటుంది, తూడుతోనూ కిక్కిసతోనూ నిండి ఉంటుంది. మా గోదావరి నావను తెచ్చి అక్కడ దింపితే అడుగు కూడా ముందుకు పోదు. అక్కడ తిరిగేది తాటి దోనె. ఒక సెలవు రోజున దానిని చెక్కడం నేను పొద్దుటి నుంచి సాయంత్రం దాకా చూశాను. బాగా ముదిరిన తాటిచెట్టును మొదలంటా పడగొట్టి, నిలువునా చీల్చి, లోపలి మెత్తని బెండును గొడ్డలితోనూ బాడిసెతోనూ తొలిచి తీసేస్తారు. బయటి చేవ మాత్రం మిగులుతుంది. వేళ్ళ దగ్గర చెట్టు సహజంగానే ఉబ్బి గుండ్రంగా ఉంటుంది కాబట్టి అదే దోనెకు ముక్కు అవుతుంది. రెండో కొస తెరిచి ఉంటుంది. దానికి బంకమన్ను కుదించి అడ్డుకట్ట కడతారు. మన్ను కరిగితే మళ్ళీ పెడతారు. ఒక చెట్టు చీలిస్తే రెండు దోనెలు వస్తాయి. కొల్లేటి పిల్లలకు సైకిలు తెలియదు, దోనె తెలుసు. నా వయసు పిల్లలు పుస్తకాలు ఒళ్ళో పెట్టుకుని, ఒక్క గెడతో నిలబడి, బడికి వచ్చేవారు. లంకలో మా మేనమామ దోనె కూడా దోనే, ఇక్కడిదీ దోనే, కాని అది పలకలతో కట్టినది, ఇది చెట్టు నుంచి తొలిచినది. ఈ సంగతి తాతయ్యకు ఉత్తరం రాస్తే, "అసలు దోనె అదేరా, మనది దాని పేరు పెట్టుకున్నది" అని జవాబు వచ్చింది. సంస్కృతంలోని ద్రోణి అన్న మాటకూ దీనికీ చుట్టరికం ఉందని కూడా అందులో రాశారు.

ఆ తరువాత కాకినాడ. అక్కడ నాకు తెలిసిన మాటలన్నీ తలకిందులయ్యాయి. ఉప్పాడ వైపు తీరాన చేపలు పట్టేవారు నావ అన్నప్పుడు ఎద్దులను దాటించే మా నావ కాదు. తెరచాప ఎత్తి సముద్రంలోకీ, గోదావరి ముఖద్వారాలలోకీ వేటకు పోయే చెక్క పడవ. అలివి వల మోసుకుని అలల మీదికి ఉరికే పడవను పలకలకు రంధ్రాలు చేసి, కొబ్బరి పీచు తాడుతో కుట్టేవారు. దానిలో ఒక్క మేకు ఉండదు. కెరటం వచ్చి గుద్దినప్పుడు మేకులు కొట్టిన పడవ పగిలిపోతుంది గాని, కుట్టిన పడవ మాత్రం ఒళ్ళు విరుచుకున్నట్టు వంగి మళ్ళీ సర్దుకుంటుంది. దాన్నే దొరలు మసూలా పడవ అన్నారు. తెప్ప దానికన్నా తేలిక. నాలుగైదు దుంగలను తాళ్ళతో బిగించి కడితే అయ్యేది తెప్ప. అరవంలో కట్టుమరం అంటారు. ఇంగ్లీషు వాళ్ళకు ఆ మాట అక్కడి నుంచే వెళ్ళింది. వేట నుంచి రాగానే జాలర్లు తాళ్ళు విప్పి, దుంగలను విడదీసి, ఒక్కొక్కటీ భుజాన వేసుకుని పైకి మోసి ఇసుక మీద ఎండబెట్టేవారు. ఏరు దాటి తెప్ప తగలేసినట్టు అన్న సామెత నాకు తెలుసు గనుక ఆ దుంగలను అంత శ్రద్ధగా ఆరబెట్టడం చూసి మనసుకు ఎంతో తృప్తి కలిగింది.

కాకినాడలో తీరం దగ్గర లోతు తక్కువ కాబట్టి పెద్ద ఓడలు సముద్రంలోనే దూరంగా లంగరు వేసేవి. సరుకును బార్జీల మీద తెచ్చేవారు. ఆ రేవులో తిరుగుతూ విన్న మాటల్లో సగం ఎక్కడెక్కడి నుంచో వచ్చినవని నాకు ఒక తెలుగు మాస్టారు చెప్పారు. లంగరు పారశీకం, సరంగు పారశీకం, చుక్కాని అరబ్బీ, కళాసీ అరబ్బీ. లాంచీ, స్టీమరు దొరల మాటలు. పడవ, ఓడ, తెప్ప మాత్రం మనవి, అంటే మనకూ అరవం, కన్నడం వారికీ ఉమ్మడివి. ఏటి మాటలు ఇంటివి, సముద్రపు మాటలు చుట్టాలవి అని ఆయన అన్నది నేటికీ మరిచిపోలేదు. చుట్టాలు ఎంత పాతవారో కూడా ఆయనే చూపించారు. శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేల మీద రెండు తెరచాప కొయ్యల ఓడ ఉంది. 1244లో కాకతి గణపతిదేవుడు మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనం, ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకు కూడా వర్తకుడిదేనని మాట ఇచ్చింది. శ్రీనాథుడు హరవిలాసంలో అవచి తిప్పయసెట్టి వ్యాపారాన్ని చెబుతూ కప్పలి, జోంగు, వల్లి అని ఓడల రకాలు ఏకరువు పెట్టాడు. ఆ జోంగు చైనా వారి ఓడ. ఓడలన్నీ ఒకటే అనుకుని ఉంటే శ్రీనాథుడంతటివాడు పద్యంలో అంత చోటు వాటికి ఇచ్చి ఉండేవాడు కాడు.

కాకినాడలో ఉండగా ఒకసారి నాన్నగారితో కోరంగికీ, తాళ్ళరేవుకూ వెళ్ళాను. ఒకప్పుడు పెద్ద ఓడలు కట్టిన కోరంగిని 1789లోనూ, 1839లోనూ వచ్చిన తుపానులు తుడిచిపెట్టాయి. ఆ రేవు నుంచి బర్మాకూ మలయాకూ ఎంతమంది వెళ్ళారంటే, అక్కడివారు తెలుగువాళ్ళందరినీ కోరంగీలనే పిలిచేవారు. ఊరు పోయినా పేరు సముద్రం అవతల ఇంకా మనుషుల మీద మిగిలింది. తాళ్ళరేవులో మాత్రం కొయ్య పడవలు కట్టడం చూశాను. ఓడ ఎముకల గూడు నేల మీద నిలబడి ఉంటే దాని నీడలో వడ్రంగులు అన్నాలు తింటున్నారు.

రాయలసీమకు బదిలీ అయ్యాక తుంగభద్రలో పుట్టి ఎక్కాను. వెదురు బద్దలతో గుండ్రంగా అల్లిన బుట్ట అది. పూర్వం తోలు కప్పేవారు, నేను ఎక్కినప్పుడు తారు పూసిన గోనెపట్టా కప్పి ఉంది. అరిగోలు అన్నా ఇదే. దానికి ముందూ వెనకా లేవు. ఒక్క తెడ్డుతో కుడివైపు ఒకసారి, ఎడమవైపు ఒకసారి నీటిని తన వైపు లాక్కుంటూ పుట్టి నడిపేవాడు, ఏ మాత్రం ఏమరినా అది గిర్రున తిరుగుతుంది. రాళ్ళ మధ్య, సుడుల మధ్య, లోతూ లేని వెడల్పూ లేని ఆ ఏటిలో కొస ఉన్న పడవ అయితే రాతికి తగిలి విరిగిపోతుంది. బుట్ట తగిలి పక్కకు జరుగుతుంది. 1520 ప్రాంతంలో విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు వర్తకుడు డొమింగో పాయెస్ కూడా తోలు కప్పిన ఈ గుండ్రటి బుట్ట పడవలను చూసి వర్ణించాడు. ఈ వివరాలన్నీ తాతయ్యకు రాశాను. ఆయనకు పుట్టి అంటే ఇరవై తూముల ధాన్యం. "పుట్టిలో ఏరు దాటావని చదివి అమ్మమ్మ కంగారు పడింది, ఆ తరువాత వివరంగా చదివి వినిపించాను" అని కార్డు వచ్చింది. ఆయన చేతి రాతతో నాకు వచ్చిన కార్డుల్లో చివరిది అది.

బల్లకట్టును మాత్రం ఒక్కసారే చూశాను, అమరావతి దగ్గర కృష్ణ మీద, బంధువుల పెళ్ళికి పోతూ. పడవల మీద బల్లలు పరిచి కట్టిన ఆ కదిలే నేల మీదికి మా బస్సే ఎక్కింది. అదే పనిచేసే దానిని గోదావరి వైపు పంటు అంటారు. సఖినేటిపల్లి నుంచి నరసాపురానికీ, ముక్తేశ్వరం నుంచి కోటిపల్లికీ పంటు మీద దాటినవారు ఎందరో ఉంటారు. పంటు దొరల మాట నోళ్ళలో నలిగి మనదైంది, బల్లకట్టు మన మాటలతో మనమే కట్టుకున్నది. రెంటిలో నాకు బల్లకట్టే ఇష్టం.

1974లో రాజమండ్రికీ కొవ్వూరుకూ నడుమ రోడ్డూ రైలూ కలిసిన వంతెన వచ్చింది. అంతకుముందు ఉన్న పాత హేవలాక్ వంతెన మీద రైలు మాత్రమే నడిచేది కాబట్టి, రైలు ఎక్కనివారు లాంచీల మీదే ఏరు దాటేవారు. వంతెన వచ్చిన సంతోషం మా ఇంట్లో అందరికీ ఉండేది. రాత్రివేళ పురిటి నొప్పులతో రేవులో కూర్చున్న ఆడవారిని చూసిన మా అమ్మ, వంతెన మీద ఒక్క మాట పడనిచ్చేది కాదు. నేనూ పడనివ్వను.

లాంచీ అన్న మాట మా ఇంట్లో మరొక విధంగా నిలిచిపోయింది. 1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన వరద భద్రాచలం దగ్గర 75.6 అడుగులకు చేరింది. మేము అప్పటికి హైదరాబాదులో ఉన్నాం. తాతయ్య, అమ్మమ్మ అప్పటికే లేరు. లంకలో మేనమామ కుటుంబం ఉంది. రెండు రోజులు ఏ కబురూ లేదు. రేడియోలో అంకెలు చెబుతూనే ఉన్నారు, అమ్మ వింటూనే ఉంది, వంట చేస్తూనే ఉంది. మూడో రోజున అమలాపురం నుంచి ఎవరో తెలిసినవారు ఫోను చేసి, అందరూ క్షేమంగా గట్టు మీదికి చేరారని, చిన్న పాయలోకే లాంచీ వచ్చి ఎక్కించుకుందని చెప్పారు. నేను ఆ కబురు యథాతథంగా అమ్మకు చెప్పాను. క్షేమంగా ఉన్నారన్న మాట ముందే విన్నా, "చిన్న పాయలోకి లాంచీనా?" అని అడిగి, చేతిలో గరిటె పట్టుకుని అలాగే నేల మీద కూర్చుండిపోయింది. 75 అడుగులు అన్నప్పుడు చలించని మనిషి ఆ ఒక్క మాటకు ఏడ్చింది. దోనె తిరిగే నీటిలో లాంచీ తిరిగిందంటే ఇంటి కప్పు ఎక్కడ ఉండి ఉంటుందో, పశువులు ఏమై ఉంటాయో, తాతయ్య నాటిన మామిళ్ళు ఎంత మునిగాయో, అన్నీ ఆమెకు కళ్ళకు కట్టాయి.

నీళ్ళు తీశాక మేము వెళ్ళాం. ఇల్లు సగం మిగిలింది. ఆవులు మూడు పోయాయి. దోనె మాత్రం కొబ్బరిచెట్టుకు కట్టిన తాడుతో అలాగే, ఒక పక్క పలక ఊడి, ఒండ్రులో కూరుకుని ఉంది. దానిని బాగుచేయించడానికి మేనమామ ఇద్దరు వడ్రంగులను అడిగాడు. ఒకరు కుదరదన్నారు, ఒకరు కొత్తది చేయించుకోమన్నారు. ఆయన రెండూ చేయలేదు.

2002లో యానానికీ ఎదుర్లంకకూ నడుమ బాలయోగి వంతెన తెరిచారు. లంకలకు పోయే దారులూ కొన్ని మెరుగుపడ్డాయి. మా చిన్న పాయ మీద తూములు వేసి, మట్టి పోసి, కారు పోయేంత బాట కట్టారు. వరద వస్తే కొట్టుకుపోతుంది, తగ్గాక మళ్ళీ పోస్తారు. ఇప్పుడు అక్కడి పిల్లలు దేన్ని చూసినా బోటు అంటారు. మరపడవా బోటే, ఇసుక తెచ్చేదీ బోటే, పాపికొండలు చూపించేదీ బోటే. వాళ్ళను తప్పు పట్టడానికి నాకు నోరు రాదు. వాళ్ళు దాటవలసిన నీళ్ళు నేను దాటినవి కావు.

కిందటి సంక్రాంతికి మా మేనమామ కొడుకు ఇంటికి వెళ్ళాను. పెరట్లో పశువుల పాక పక్కన ఆ పాత దోనె ఉంది. ఊడిన పలక చోట సిమెంటు మెత్తి, రెండు కొసలనూ ఇటుకల మీద నిలబెట్టి, గేదెలకు కుడితి తొట్టిగా వాడుకుంటున్నారు. సాయంత్రం పాలు పితికే వేళకు లోపలి నుంచి వాళ్ళ అమ్మాయి, పదేళ్ళ పిల్ల, బకెట్టు పట్టుకుని వచ్చింది. నీళ్ళ మీద ఆ దోనె తేలగా చూసిన వయసు కాదు ఆ పిల్లది. పాకలోకి తొంగి చూసి, "నాన్నా, దోనెలో తవుడు వేశావా, నేను వెయ్యనా?" అని కేక వేసింది.